తెలుగు సినిమాలో వర్ణవివక్ష చిత్రణ

తెలుగు సినిమాలో వర్ణవివక్ష చిత్రణ అనగా మనుషులను మేనిరంగును బట్టి, పుట్టిన జాతిని బట్టి ఎక్కువ తక్కువలుగా ఎంచే ధోరణిని తెలుగు చలనచిత్రాలు, వాటికి పూర్వరంగమైన నాటకాలు, వాటిని అంటిపెట్టుకున్న పాటలు, ప్రకటనలు ఏ విధంగా చూపాయన్న విషయం. తెల్లదొర తెలుగువానిని చిన్నచూపు చూస్తే ఆ అవమానాన్ని తెలుగు సినిమా స్పష్టంగా గుర్తించి ఆగ్రహంతో చిత్రించింది. అదే చిన్నచూపు తెలుగు సమాజంలోని నల్లని పిల్లపైన, అడవిలో నివసించే గోండుపైన, హైదరాబాదులో తరతరాలుగా స్థిరపడిన ఆఫ్రికా సంతతివారిపైన పడినపుడు మాత్రం చాలాకాలం దానిని హాస్యంగానో అలంకారంగానో చూపింది, లేదా అసలు చూపలేదు. 2020లో వచ్చిన కలర్ ఫోటో వంటి కొన్ని చిత్రాలు ఇందుకు మినహాయింపు.

వర్ణం, జాతి అనే పదాలు

తెలుగులో "వర్ణం" అనే మాటకు రంగు అనీ, చాతుర్వర్ణ్యంలోని వర్ణం అనీ రెండు అర్థాలున్నాయి. "జాతి" అనే మాట మరింత విస్తృతమైనది. తెలుగు జాతి, స్త్రీజాతి, పక్షిజాతి, నల్లజాతి అని ఒకే పదాన్ని వేర్వేరు అర్థాలలో వాడుతారు. అందువలన దక్షిణాఫ్రికాలో 1948 నుండి 1990ల ఆరంభం వరకు అమలైన అపార్థీడ్ విధానాన్ని తెలుగు పత్రికలు "వర్ణవివక్ష" లేదా "జాతివివక్ష" అని వ్రాసినపుడు, పాఠకుని మనసులో కులం ప్రస్తావన కూడా ఏదో ఒక మూల మెదలకుండా ఉండదు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో కులవివక్షను కూడా జాతివివక్షతో పాటు చర్చించాలని దళిత సంఘాలు కోరగా, భారత ప్రభుత్వం అందుకు అంగీకరించలేదు. ఈ రెండూ ఒకటేనా కాదా అన్న చర్చ శాస్త్రకారులలో ఇప్పటికీ ఉన్నది. సినిమాలో మాత్రం ఇవి విడదీయరానంతగా కలిసిపోయి కనిపిస్తాయి.

రంగును చెప్పే వాడుక మాటలు కూడా గమనించదగినవి. తెలుగువారు తెల్లని మేనిఛాయను తరచు "ఎరుపు" అంటారు. "ఎర్రగా బుర్రగా ఉన్నాడు" అంటే చూడచక్కని వాడని అర్థం. పసిమి ఛాయ మెచ్చుకోలు మాట. చామనచాయ అనేది ఎవరినీ నొప్పించకుండా నలుపును చెప్పే మర్యాద మాట. "నలుపు నారాయణ మెచ్చు" అనే సామెత ఉన్నమాట నిజమే గాని, అది ఎక్కువగా నల్లని పిల్లను ఓదార్చడానికే ఉపయోగపడింది. ఓదార్పు అవసరమైన చోటనే సామెత పుడుతుంది కదా.

నాటకరంగంలో ఆర్య, ద్రావిడ వాదం

దక్షిణాది భాషలు సంస్కృతం నుండి పుట్టలేదనీ, అవి వేరొక కుటుంబానికి చెందినవనీ 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో ఎల్లిస్ ప్రతిపాదించాడు. 1856లో కాల్డ్వెల్ దీనిని ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంగా విస్తరించాడు. భాషలను గూర్చిన ఈ సిద్ధాంతం క్రమంగా మనుషుల జాతులను గూర్చిన వాదంగా మారింది. తెలుగులో దానిని రంగస్థలానికి ఎక్కించినవారిలో ప్రముఖుడు కవిరాజుగా పేరొందిన త్రిపురనేని రామస్వామి చౌదరి. 1920 నాటి ఆయన నాటకం శంబూకవధలో తపస్సు చేసిన శూద్రుని రాముడు వధించిన ఘట్టం ఆర్యులకు, ద్రావిడులకు మధ్య జరిగిన సంఘర్షణగా మారింది.

సినిమా ఈ వాదాన్ని నేరుగా స్వీకరించలేదు. అయితే రావణుని, సుయోధనుని సానుభూతితో చూపే సంప్రదాయాన్ని మాత్రం ఎన్.టి.రామారావు భూకైలాస్ (1958), సీతారామ కల్యాణం (1961) చిత్రాలలో పోషించాడు. 1977 జనవరిలో విడుదలైన దానవీరశూర కర్ణలో కర్ణుని పుట్టుకను ఎత్తిపొడిచిన పెద్దలను సుయోధనుడు నిండుసభలో నిలదీసే సన్నివేశం ఉన్నది. కొండవీటి వేంకటకవి వ్రాసిన ఆ సంభాషణను కంఠస్థం చేసి పాఠశాల వార్షికోత్సవాలలో ఏకపాత్రాభినయంగా ప్రదర్శించని ఊరు ఆంధ్రదేశంలో అరుదు. పుట్టుకను బట్టి మనిషిని తూచరాదన్న వాదన తెలుగు బాలబాలికలకు ఇంత ఆవేశంగా వినిపించిన సందర్భం సినిమాలో మరొకటి కానరాదు. ఆ మాటలను పలికించినది ప్రతినాయకుని చేత అన్నది వేరే విషయం.

పౌరాణిక చిత్రాలు, నీలిరంగు

రాముడు, కృష్ణుడు నల్లనివారని పురాణాలు చెప్పాయి. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె మేనిఛాయను బట్టే వచ్చింది. పోతన భాగవతంలోని గోపికలు కృష్ణుని వెతుకుతూ చెప్పే గుర్తులలో నలుపు మొదటిది. కాని తెలుగు తెరపై నల్లని దేవుడు కనబడడు. తొలి పూర్తి నిడివి తెలుగు వర్ణచిత్రమైన లవకుశ (1963) నాటికి రాముడంటే నీలిరంగు పూసుకున్న రామారావు అని ప్రేక్షకులు స్థిరపరచుకున్నారు. అప్పటికే రవివర్మ చిత్రపటాలు, వాటిని అనుసరించిన క్యాలెండర్లు ఈ నీలిమకు దారి వేశాయి. నీలిరంగు వలన ఒక సౌలభ్యమున్నది. అది లోకంలో ఏ మనిషి రంగూ కాదు. దేవుడు నల్లనివాడన్న శాస్త్రవాక్యాన్ని కాదనకుండానే, నల్లని మనిషి పోలిక అతనికి అంటకుండా అది కాపాడింది.

ద్రౌపది విషయంలో ఆ మాత్రపు ప్రయత్నమూ జరుగలేదు. నర్తనశాల (1963)లో సావిత్రి, దానవీరశూర కర్ణలో శారద ఆ పాత్రను పోషించారు. ఇద్దరూ మహానటులే. పాత్ర పేరులోనే ఉన్న రంగును మాత్రం ఎవరూ తలచుకోలేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మాయాబజార్ (1957). అందులో ఘటోత్కచుడు (ఎస్.వి.రంగారావు), అతని అనుచరులు రాక్షసులు. వారి వేషం, తిండి, ఉచ్చారణ అన్నీ హాస్యానికి వాడినవే. గురువు సంస్కృత పదాలు నేర్పబోతే వారు వాటిని విరిచి పలుకుతారు. కాని ఆ నవ్వులో ఏవగింపు లేదు. రాక్షసులు తెలుగే మాట్లాడుతారు, పెద్దల పట్ల గౌరవంగా ఉంటారు, కథలో న్యాయపక్షాన నిలుస్తారు. పింగళి నాగేంద్రరావు వారి నోట పలికించిన అసమదీయులు, తసమదీయులు వంటి మాటలు తెలుగువారి నిత్యవ్యవహారంలో చేరిపోయాయి. "ఇతరుల" భాషను సినిమా వెక్కిరించవచ్చును గాని, ఆ భాషనే ప్రేక్షకులు తమదిగా చేసుకోవడం అరుదైన విషయం.

ఫిల్ము, దీపాలు, ముఖాలంకరణ

మేనిరంగును గూర్చిన పక్షపాతం కథలలోనే కాక కెమెరాలో వాడే ఫిల్ములోనూ ఉన్నది. మూకీల కాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపు కాంతిని గ్రహించలేదు. దానివలన చర్మం ఉన్నదానికంటె నల్లగా, మచ్చలతో కనిపించేది. దానిని కప్పిపుచ్చడానికి నటీనటుల ముఖాలకు దట్టంగా పూత పూయడం అలవాటైంది. తరువాత అన్ని రంగులనూ గ్రహించే పాంక్రొమాటిక్ ఫిల్ము వచ్చినా అలవాటు మిగిలింది. రంగుల ఫిల్ము వచ్చాక కొడాక్ సంస్థ తన ప్రయోగశాలలకు "షర్లీ కార్డు" అనే నమూనా చిత్రాన్ని పంపేది. అందులో ఒక తెల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె చర్మం సరిగా కనబడితే రంగులు సరిగా కుదిరినట్లే లెక్క. ముదురు ఛాయలను పట్టుకోవడంలో ఫిల్ము లోపాన్ని సరిదిద్దడానికి ముఖ్యకారణం నల్లజాతివారి ఫిర్యాదులు కావనీ, తమ సరుకు ఫొటోలో సరిగా కనబడటం లేదన్న చాకొలెట్, కలపసామాను తయారీదారుల ఫిర్యాదులనీ చరిత్రకారులు చెబుతారు.

ఒకే చట్రంలో తెల్లని నాయిక, నల్లని పాత్రధారి ఉన్నపుడు దీపాల వెలుగు సాధారణంగా నాయికకు కుదిరేలా అమర్చేవారు. రెండవ వ్యక్తి ముఖం నీడలో కలిసిపోయేది. సహజమైన వెలుగులో చిత్రీకరించడానికి పేరుపొందిన ఛాయాగ్రాహకుడు, దర్శకుడు బాలు మహేంద్ర తన తెలుగు చిత్రం నిరీక్షణలో నల్లని మేనిఛాయ గల అర్చనను నాయికగా ఎంచుకోవడం ఈ దృష్టితో చూస్తే కాకతాళీయం అనిపించదు.

నాయికల మేనిఛాయ

కె.బాలచందర్ తీసిన మరో చరిత్ర 1978లో విడుదలైంది. అప్పటికి రంగుల చిత్రాలు సర్వసాధారణమైనా దీనిని నలుపు తెలుపులలో తీశారు. విశాఖపట్నం నేపథ్యంగా ఒక తమిళ యువకుడు, తెలుగు యువతి ప్రేమించుకొనే కథ. కమల్ హాసన్ సరసన నటించిన తెలుగమ్మాయి సరితకు అదే తొలి చిత్రం. ఆమె నల్లగా, బొద్దుగా, పెద్ద కళ్ళతో, పక్కింటి పిల్లలా ఉంటుంది. ఆమె నాయికగా ఒప్పించగలదా అన్న ప్రశ్నకు చిత్రవిజయమే సమాధానమైంది. కాని ఇదే కథను 1981లో ఏక్ దూజే కే లియే పేరుతో హిందీలో రంగులలో తీసినపుడు నాయకునిగా కమల్ హాసనే కొనసాగగా, సరిత పాత్ర రతి అగ్నిహోత్రికి దక్కింది.

సరిత తరువాతి ప్రస్థానం ఈ విషయానికి మరింత దగ్గరగా ఉన్నది. ఆమె నటిగా పేరు తెచ్చుకుంటూనే డబ్బింగ్ కళాకారిణిగా విజయశాంతి, నగ్మా, సౌందర్య మొదలైన నాయికలకు గాత్రదానం చేసింది. తెలుగు రాని తెల్లని నాయికలను ఉత్తరాది నుండి తీసుకురావడం 1990లలో విరివిగా సాగింది. వారి పెదవుల కదలికకు తెలుగు స్త్రీల గొంతులు అతికించబడ్డాయి. తెలుగు గొంతు కావాలి, తెలుగు ముఖం అక్కరలేదు అన్నది ఈ ఏర్పాటు సారాంశం. తరువాత కాలంలో తమన్నాను పత్రికలు "మిల్కీ బ్యూటీ" అని పిలవడం ఎంత స్థిరపడిందంటే, 2023లో వచ్చిన భోళా శంకర్ చిత్రంలో ఆమె ఉన్న పాటకు ఆ పేరే పెట్టారు.

నల్లని స్త్రీకి తెరపై చోటు లేదని చెప్పడానికి వీలులేదు. చోటు ఉన్నది, అది నాయికది కాదు. ఏలూరు సమీపంలోని కొవ్వలి గ్రామంలో 1960లో జన్మించిన సిల్క్ స్మిత నాలుగు దక్షిణాది భాషలలోనూ కోరికకు ప్రతీకగా నిలిచింది. సీతాకోకచిలుక (1981)లో ఆమెకు నటించడానికి వీలున్న పాత్ర దొరికింది గాని, అటువంటివి ఎక్కువ రాలేదు. ఆమె 1996లో మరణించింది. కథానాయికను పెళ్ళిచేసుకొని, నల్లని నర్తకిని చూసి ఈల వేసే నాయకుని తెలుగు ప్రేక్షకులు రెండు దశాబ్దాలపాటు ఆదరించారు.

అర్చనకు వచ్చిన గుర్తింపు వాణిజ్య చిత్రాల వెలుపలిది. లేడీస్ టైలర్ (1986)లో నాయికగా నటించినా, ఆమెకు జాతీయ ఉత్తమ నటి పురస్కారాలు తెచ్చినవి తమిళ చిత్రం వీడు, బి.నర్సింగరావు తీసిన తెలుగు చిత్రం దాసి (1988). దాసి నిజాం కాలపు తెలంగాణ గడీలో వెట్టి బ్రతుకు బ్రతికే స్త్రీ కథ. లంబాడా స్త్రీ కథగా కె.ఎన్.టి.శాస్త్రి తీసిన కమ్లి (2006)లో నందితా దాస్ నటించి నంది పురస్కారం పొందింది. ఆమె 2013 నుండి "డార్క్ ఈజ్ బ్యూటిఫుల్" అనే ఉద్యమానికి గొంతునిచ్చింది. ఈ రెండు చిత్రాలూ విలువైనవే. అయితే ఉన్నత విలువలు గల చిత్రంలో కూడా నలుపు పేదరికానికి, దాస్యానికి గుర్తుగానే వచ్చిందన్న సంగతి మరువరాదు. నల్లని డాక్టరమ్మ, నల్లని జమీందారిణి తెలుగు తెరపై దాదాపు కానరారు.

అడవి, ఆదివాసులు

జానపద, సాహస చిత్రాలలో ఆదివాసులు ఒక మూసలో కనిపిస్తారు. ముఖంపై రంగులు, ఈకల కిరీటం, అర్థంకాని కేకలు, నాయికను బలి ఇవ్వబోయే పూజారి, చివరి నిమిషంలో నాయకుని రాక. ఈ మూస తెలుగుదేశపు గోండు, కోయ, సవర, చెంచుల జీవితం నుండి వచ్చినది కాదు. 1912లో ఎడ్గర్ రైస్ బరోస్ సృష్టించిన టార్జాన్ కథలనుండి, వాటి ఆధారంగా తీసిన హాలీవుడ్ చిత్రాలనుండి వచ్చినది. ఆఫ్రికా అడవిలో నల్లవారి మధ్య తెల్లవాడు రాజైన కథ తెలుగులోకి వచ్చేసరికి, గిరిజనుల మధ్య మైదానపు నాయకుడు రక్షకుడైన కథగా మారింది. చిరంజీవి అడవి దొంగ (1985)లో టార్జాన్ పోలిక స్పష్టమే. అడవి రాముడు (1977)లో నాయకుడు గిరిజనులకు అండగా నిలిచే అటవీశాఖాధికారి. చిత్రం పెద్ద విజయం సాధించింది. అందులో గిరిజనులు తమను తాము రక్షించుకోగలరన్న ఊహకు చోటు లేదు.

2015లో విడుదలైన బాహుబలి: ది బిగినింగ్‌లో కాలకేయులు అనే ఆటవిక సేన మాహిష్మతిపై దండెత్తుతుంది. మహాభారతంలో కాలకేయులు అర్జునుని చేతిలో హతులైన దానవులు. చిత్రంలో వారు మసి పూసినట్లున్న శరీరాలతో, జటలతో కనిపిస్తారు. వారి నాయకుని పాత్రను ప్రభాకర్ పోషించాడు. ఆ పాత్ర పేరు ఇంకోషి. జులూ భాషలో నాయకుని "ఇన్‌కోసి" అంటారన్నది ఇక్కడ గుర్తుకు రాకమానదు. వారి కొరకు తమిళ రచయిత మదన్ కార్కి సుమారు 750 పదాలతో, 40 వ్యాకరణ సూత్రాలతో "కిలికి" అనే భాషను రూపొందించాడు. నాలుక చప్పుళ్ళతో కూడిన ఈ భాష వినగానే దక్షిణాఫ్రికా భాషలను తలపిస్తుంది. భాషా నిర్మాణంలో చూపిన శ్రద్ధ మెచ్చదగినది. కాని ఆ భాష మాట్లాడేవారికి కథలో ఇల్లు, పిల్లలు, కారణం ఏవీ లేవు. మాయాబజార్ రాక్షసులతో పోల్చి చూస్తే దాదాపు ఆరు దశాబ్దాలలో సాంకేతికత ఎంత ముందుకు వచ్చిందో, ఊహ ఎంత వెనుకకు పోయిందో తెలుస్తుంది.

తెల్లదొర పాత్ర

1974లో విడుదలైన అల్లూరి సీతారామరాజు తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం. కృష్ణ నాయకపాత్ర ధరించాడు. మన్యం పోరాటాన్ని అణచడానికి వచ్చిన రూథర్‌ఫర్డ్ పాత్రను కొంగర జగ్గయ్య పోషించాడు. ఒంగోలు లోక్‌సభ సభ్యునిగా పనిచేసి, రవీంద్రుని గీతాంజలిని తెలుగు చేసిన జగ్గయ్య, తన గంభీరమైన కంఠంతో ఆ ఆంగ్లాధికారికి హుందాతనం కల్పించాడు. ఈ చిత్రంలో తెల్లవాడు శత్రువే గాని పశువు కాడు.

అమెరికాలో 1927 నాటి జాజ్ సింగర్ చిత్రంలో తెల్లనటుడు ఆల్ జోల్సన్ ముఖానికి మసి పూసుకొని నల్లవానిగా పాడాడు. ఆ ఆచారం నల్లవారిని హేళన చేసే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలనుండి వచ్చింది. తెలుగు నటుడు తెల్లరంగు పూసుకొని దొరగా నటించడం పైకి దానికి తలక్రిందులైన రూపంలా ఉన్నా, రెండింటికీ పోలిక లేదు. ఇక్కడ వేషం వేసుకున్నది పాలితుడు, వేషంలో ఉన్నది పాలకుడు.

ఎస్.ఎస్.రాజమౌళి ఆర్ఆర్ఆర్ (2022 మార్చి 25) నాటికి తెల్లదొర పాత్రలకు ఐర్లండు, ఇంగ్లండు నటులే వచ్చారు. రే స్టీవెన్సన్, అలిసన్ డూడీ, ఒలీవియా మోరిస్ అందులో నటించారు. తెల్లాపూర్, నల్లగండ్ల, గచ్చిబౌలి ప్రాంతాలున్న హైదరాబాదు పశ్చిమ అంచున, సాఫ్ట్‌వేర్ కార్యాలయాల నడుమ మిగిలిన పాత అల్యూమినియం కర్మాగారం ఆవరణలో 2018 నవంబరులో ఈ చిత్రం షూటింగ్ మొదలైంది. కథ ఒక గోండు బాలికను గవర్నరు దంపతులు బొమ్మలా ఎత్తుకుపోవడంతో ఆరంభమవుతుంది. ఆమె తల్లిపై ఒక తూటా ఖర్చు చేయడం దండుగ అని గవర్నరు వారించే సన్నివేశం, జాతివివక్షను తెలుగు సినిమా చూపిన తీరులో అత్యంత తీక్షణమైనది. ప్రాణానికి వెలకట్టడమే జాత్యహంకారం అసలు రూపమని ఉపన్యాసం లేకుండా అది చెబుతుంది.

ఇదే చిత్రంలోని నాటు నాటు పాట సన్నివేశంలో విందుకు వచ్చిన ఆంగ్లేయ యువకుడు నృత్యం రాదని భీమ్‌ను అవమానిస్తాడు. సమాధానం నాట్యంతోనే లభిస్తుంది. కీవ్ నగరంలోని మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు 2021లో చిత్రీకరించిన ఈ పాటకు 2023 మార్చిలో ఆస్కార్ పురస్కారం లభించింది. సంగీతం ఎం.ఎం.కీరవాణి, సాహిత్యం చంద్రబోస్.

అయితే ఆర్ఆర్ఆర్ తెల్లవాని అహంకారాన్ని ఎంత నిశితంగా చూసిందో, తన గోండు నాయకుని అంత నిశితంగా చూడలేదన్న విమర్శ ఉన్నది. చారిత్రక కొమురం భీమ్ ఆసిఫాబాదు ప్రాంతంలో నిజాం ప్రభుత్వంపై పోరాడి 1940లో జోడేఘాట్‌లో మరణించాడు. జల్, జంగల్, జమీన్ అన్న నినాదం ఆయన పోరాటానిది. చిత్రంలో భీమ్ అమాయకుడు, బలశాలి. రాముడు తెలివైనవాడు, చదువుకున్నవాడు. ముగింపులో ఏం కావాలని రాముడు అడుగగా భీమ్ చదువు కోరుతాడు. అడవి మనిషికి మైదానపు మనిషి అక్షరం పెట్టే ఈ ముగింపు, పైన చెప్పిన అడవి రాముడు నాటి సూత్రానికి దూరమైనది కాదు. ఆదివాసీ వీరుని కథను అల్లాణి శ్రీధర్ 1990లోనే కొమరం భీమ్ పేరుతో తీసినా, అది 2010లో గాని ప్రేక్షకుల ముందుకు రాలేదు.

హైదరాబాదులో ఆఫ్రికా సంతతి

హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ సమీపాన ఉన్న ఏ.సి.గార్డ్స్ పేరుకు విస్తరణ ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానం నుండి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా సంతతి అశ్వికదళం వారిది. వీరిని సిద్దీలు అంటారు. 1948 తరువాత ఆ దళం రద్దయినా, కుటుంబాలు అక్కడే నిలిచాయి. సిద్దీలు, బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ మూలాల చావుష్‌లు నగరానికి ఇచ్చిన వాద్యం మర్ఫా. పెళ్ళి ఊరేగింపులలోను, పండుగలలోను వినబడే "తీన్‌మార్" దరువు దానిదే. తెలుగు సినిమా పాటలు ఈ దరువును ఆనందంగా స్వీకరించాయి. 2011లో పవన్ కళ్యాణ్ చిత్రం ఒకటి తీన్ మార్ పేరుతోనే వచ్చింది. ఒక వార్తా ఛానలు కార్యక్రమానికి కూడా ఆ పేరు పెట్టుకున్నది. దరువు ఇంత ప్రసిద్ధమైనా, దానిని మోగించిన సిద్దీ మనిషి తెలుగు కథలో పాత్రగా కనిపించడం బహు అరుదు.

చదువులకు వచ్చే ఆఫ్రికా దేశాల విద్యార్థుల విషయం ఇంతకంటె మెరుగు కాదు. మాదకద్రవ్యాల ముఠా అనగానే నల్లజాతి ముఖం చూపడం సినిమాలకు అలవాటైంది. వార్తాపత్రికలలో ఒక దేశపు పేరే నేరానికి పర్యాయపదంగా మారింది. ఈ బొమ్మలకు, వీధిలో జరిగే దానికి సంబంధం లేదని చెప్పడం కష్టం. 2016 మే నెలలో బంజారాహిల్స్‌లో వాహనం నిలిపే చోటు గురించిన తగాదాలో ఒక నైజీరియా విద్యార్థిపై దాడి జరిగింది.

పుస్తకాల లోకం ఈ విషయంలో సినిమాకంటె చాలా ముందున్నది. అలెక్స్ హేలీ రూట్స్ నవలను సహవాసి "ఏడుతరాలు" పేరుతో అనువదించగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980ల తొలినాళ్ళలో ప్రచురించింది. ఆఫ్రికా నుండి సంకెళ్ళతో అమెరికాకు చేరిన కుంటా కింటే కథ తెలుగు పాఠకులను కదిలించింది. పల్లెల్లోని గ్రంథాలయాలకూ చేరిన ఈ పుస్తకాన్ని చదివిన తెలుగువారిలో అనేకులు తమ ఊరి వెట్టిని, వెలివాడను అందులో పోల్చుకున్నారు.

అమెరికా తెలుగువారు

సింగీతం శ్రీనివాసరావు అమెరికా అమ్మాయి (1976)లో ఫ్రెంచి నర్తకి దేవయాని (ఆన్ షెమోతి) తెలుగింటి కోడలైన తెల్లపిల్లగా నటించింది. చీర కట్టి, తెలుగు పాట పాడి ఆమె అత్తవారింటి ఆమోదం పొందుతుంది. జంధ్యాల పడమటి సంధ్యారాగం (1987) దీనికి మరోవైపు. అమెరికాలో స్థిరపడిన తెలుగు తండ్రి (గుమ్మలూరి శాస్త్రి) తన కూతురు సంధ్య (విజయశాంతి) ఒక తెల్లయువకుని ప్రేమించడాన్ని సహించలేడు. ఆ యువకునిగా నటించిన థామస్ జేన్‌కు అదే తొలి చిత్రం. తరువాత ఆయన హాలీవుడ్ నటుడైనాడు. అమెరికాలోనే 1967లో వచ్చిన గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్ చిత్రంలో నల్లజాతి అల్లుని చూసి తెల్ల తల్లిదండ్రులు తబ్బిబ్బైనారు. జంధ్యాల చిత్రంలో తెల్లవానిని కాదన్నది తెలుగువాడు. ఇంటిలో ఉన్నవాడు తన దురభిమానాన్ని సంస్కృతి అని పిలుచుకుంటాడన్న సత్యాన్ని ఈ చిత్రం హాస్యంగానే అయినా చూపగలిగింది. అల్లుడు నల్లజాతివాడై ఉంటే ఆ తండ్రి ఏమనేవాడో కథ అడుగలేదు.

తరువాతి తెలుగు చిత్రాలలో అమెరికా అంటే వెడల్పు రహదారులు, పాటలకు తగిన నేపథ్యం. అక్కడి వారు ఎదుర్కొన్న వివక్ష ఎక్కువగా వార్తలలోనే మిగిలింది. విజయవాడ మూలాలున్న తల్లిదండ్రులకు న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన నీనా దావులూరి 2013 సెప్టెంబరు 15న మిస్ అమెరికా కిరీటం గెలిచింది. భారతీయ సంతతిలో ఈ గౌరవం పొందినవారిలో ఆమె ప్రథమురాలు. ఆ రాత్రే కొందరు అమెరికన్లు ఆమెను అరబ్బు అనీ ఉగ్రవాది అనీ ట్విట్టరులో దూషించారు. భారతదేశంలో అదే వారంలో జరిగిన చర్చ వేరు. ఇంత నల్లని పిల్ల మన దేశపు అందాల పోటీలో నెగ్గేది కాదని పలువురు వ్రాశారు. రెండు దేశాలూ ఒకే ముఖాన్ని చూసి, రెండు వేర్వేరు కారణాలతో తప్పుపట్టాయి. నీనా తరువాత మేనిఛాయ వివక్షపై ఉద్యమించి, కాంప్లెక్షన్ అనే డాక్యుమెంటరీ రూపొందించింది.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేత్ పట్టణంలో, హైదరాబాదులో చదువుకున్న ఒక తెలుగు ఇంజనీరును, నా దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒక శ్వేతజాతీయుడు కాల్చి చంపాడు. హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబాలను ఈ సంఘటన తీవ్రంగా కలచివేసింది.

ప్రకటనలు

సినిమాకు ముందు, మధ్యలో వచ్చే ప్రకటనలు సినిమాతో పాటే మేనిఛాయ పాఠం చెప్పాయి. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము భారతదేశంలో 1975లో వచ్చింది. పురుషుల కొరకు ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ 2005లో వచ్చింది. నల్లని అమ్మాయికి ఉద్యోగం రాకపోవడం, క్రీము పూసుకోగానే రావడం ఈ ప్రకటనల సాధారణ కథ. నల్లని చర్మం గలవారిని తక్కువగా చూపరాదని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నియమం చేసింది. 2019లో సాయి పల్లవి అటువంటి క్రీము ప్రకటనలో నటించడానికి నిరాకరించింది. ఆమె వదులుకున్న మొత్తం 2 కోట్ల రూపాయలని పత్రికలు వ్రాశాయి. ఫిదా (2017)లో మొటిమలను దాచుకోకుండా, బాన్సువాడ తెలంగాణ మాటతో నటించిన ఆమెకు ఈ నిర్ణయం నప్పింది. 2020 మే నెలలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్యానంతరం చెలరేగిన ఉద్యమం ప్రభావంతో ఒక ప్రముఖ పెళ్ళిసంబంధాల సంస్థ మేనిఛాయను బట్టి వెతికే సదుపాయాన్ని తొలగించింది. జూలైలో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. పేరు మారినది గాని, సీసా అదే.

కలర్ ఫోటో, తరువాతి చిత్రాలు

2020 అక్టోబరు 23న ఆహా ద్వారా విడుదలైన కలర్ ఫోటో, మేనిఛాయ వివక్షనే కథావస్తువుగా తీసుకున్న అరుదైన తెలుగు చిత్రం. సాయి రాజేశ్ కథకు సందీప్ రాజ్ దర్శకత్వం వహించాడు. 1990ల నాటి మచిలీపట్నంలో ఇంజనీరింగు చదివే జయకృష్ణ (సుహాస్) నల్లనివాడు, పేదవాడు. సహాధ్యాయిని దీప్తి (చాందినీ చౌదరి)ని ప్రేమిస్తాడు. ఆమె అన్న రామరాజు (సునీల్) పోలీసు అధికారి. ఇతనికి నలుపంటే ఏవగింపు. హాస్యనటునిగా ప్రేక్షకులను ఏళ్ళ తరబడి నవ్వించిన సునీల్‌కు ఈ పాత్ర ఇవ్వడం బాగా కుదిరింది. నల్లవాడన్న పరిహాసం ఎప్పుడు హింసగా మారుతుందో ఆ నటుని ముఖంలోనే కనబడుతుంది. ఈ చిత్రం 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది.

తెలుగునాట పెళ్ళి విషయంలో రంగు ఒక్కటే ఎన్నడూ అడ్డు కాదు, కులం దాని వెనుక నిలిచి ఉంటుంది. కలర్ ఫోటోలో వినబడే రంగు అన్న మాటకు మరో అర్థం చెప్పుకొన్న ప్రేక్షకులు లేకపోలేదు. అదే సంవత్సరం వచ్చిన కరుణకుమార్ చిత్రం పలాస 1978 కులం పేరు ఎత్తి మాట్లాడింది.

ఇటీవలి పెద్ద చిత్రాలలో నలుపు మరొక రూపంలో వచ్చింది. పుష్ప: ది రైజ్ (2021)లో శేషాచలం అడవుల ఎర్రచందనం కూలీ పాత్రకు అల్లు అర్జున్, శ్రీవల్లి పాత్రకు రష్మిక మందన్న ముదురు రంగు పూసుకొని నటించారు. దసరా (2023)లో నాని, కీర్తి సురేశ్ బొగ్గుగనుల ఊరి మనుషులుగా అదే విధంగా కనిపించారు. పుష్ప పాత్రకు అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడైనాడు. ఈ పురస్కారం పొందిన తొలి తెలుగు నటుడతడు. ఎండలో పనిచేసే మనిషిని కథానాయకునిగా నిలిపి, అతడు కాలు మీద కాలు వేసుకొని కూర్చుంటే జనం చేత ఈల వేయించడం చిన్న మార్పు కాదు. పుట్టుకతో ఆ రంగు ఉన్న నటీనటులకు ఆ పాత్రలు ఎందుకు దక్కలేదన్న ప్రశ్నను విమర్శకులు లేవనెత్తారు. షూటింగ్ ముగిశాక కడుక్కోగలిగిన నలుపు, కడుక్కోలేని నలుపు వేర్వేరు అన్నది వారి వాదన. ఆ వాదన వెలువడిన తరువాత 2024 డిసెంబరులో విడుదలైన పుష్ప 2లో కూడా ఇద్దరు నటులూ అదే అలంకరణతో కొనసాగారు.